మాంజాకు చిక్కిన గద్ద, రెక్క ముందు పొర తెగింది (యలహంక) - రేపు పొద్దున దాకా ఏం చెయ్యాలి?

మేడమీద_మామిడి | రాత్రి 8:15

బెంగళూరు, యలహంక న్యూ టౌన్. సిల్వర్ ఓక్ చెట్టుకు వేలాడుతున్న నల్లగద్దను వాచ్‌మన్ దోటితో దించాడు. ఎడమ రెక్కకు మాంజా మూడు చుట్లు ఉంది. భుజానికీ మణికట్టుకీ మధ్య చర్మం చీరుకుపోయి లోపల ఎర్రగా కనిపిస్తోంది. రక్తం ఆగింది కానీ దారం కండలోకి దిగిపోయింది. కళ్లు తెరిచే ఉంది, నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. ఒకరు పసుపు అద్దమంటారు, ఒకరు నీళ్లు పట్టమంటారు, ఇంకొకరు చికెన్ ముక్కలు పెట్టమంటారు. ఏది చెయ్యాలి, ఏది వద్దు?

---

గూటిదాక | 8:22

ఆ మూడూ వద్దు. ముందు చీకటి, తర్వాత నిశ్శబ్దం, తర్వాతే మిగతావి.

అట్టపెట్టె తీసుకోండి. పక్షి అటూ ఇటూ తిరగగలిగేంత ఉండాలి, రెక్కలు విప్పేంత అక్కర్లేదు. మైక్రోవేవ్ ఓవెన్ వచ్చే డబ్బా సరిగ్గా సరిపోతుంది. పక్కల్లో కింది భాగాన పెన్సిల్ పట్టే బొక్కలు పదీ పన్నెండు పొడవండి. పైన పొడిస్తే వెలుతురు కంట్లో పడుతుంది, మూత వైపు ఎగురుతుంది. అడుగున పాత టర్కీ టవల్ పరవండి. న్యూస్ పేపర్ వద్దు, జారుతుంది; కాళ్లు పక్కలకు జారితే తుంటి కీళ్లు పట్టుకుంటాయి. తీగల పంజరం అసలే వద్దు, ఒక్క రాత్రిలో తోక ఈకలన్నీ విరుచుకుంటుంది.

మూత వేసి, టేపు అంటించి, టీవీ లేని గదిలో పెట్టండి. కుక్కా పిల్లీ ఉంటే తలుపు గడియ పెట్టండి. అరగంటకోసారి తెరిచి చూస్తే మీకు ధైర్యం వస్తుంది, దానికి ప్రాణం పోతుంది.

---

సూదిమందు | 8:31

గూటిదాక గారు చెప్పింది చెయ్యండి. నేను మూడు కలుపుతాను.

దారం: మీరు లాగొద్దు. మాంజా గాజుపొడి పూసిన దారం, లాగితే రంపంలా కోసుకుంటూ పోతుంది. బయట వేలాడే కొసను చర్మానికి 5 సెం.మీ. దూరంలో కత్తిరించి వదిలెయ్యండి. లోపలిది మత్తిచ్చాకే తీయాలి. ఆ కొస ఉంటేనే దారం ఎటు వెళ్లిందో డాక్టర్‌కు తెలుస్తుంది.

నీళ్లు: పక్షి నాలుక మొదట్లోనే గాలి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. మనిషికి మింగేటప్పుడు మూత పడినట్టు దానికి పడదు. సిరంజితో నోట్లో పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. రెండు రోజుల తర్వాత గాయం మానుతూ ఉండగా న్యుమోనియాతో చచ్చిపోయే గద్దల్లో చాలావాటికి కారణం ఇదే.

ఆయాసం: చీకట్లో 20 నిమిషాలు ఉంచాక నోరు మూసుకుంటే అది భయం, వేడి. ఆ తర్వాత కూడా ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతుంటే పొద్దున దాకా ఆగొద్దు, ఈ రాత్రే తీసుకెళ్లండి.

---

అనంతపురం_బస్సు | 8:40

పట్టుకునేటప్పుడు అందరూ ముక్కుకు భయపడతారు సామీ. గద్ద ముక్కు పెద్ద దెబ్బ కాదు, పంజాకు భయపడాల. గోరు దిగితే అది వదల్దు, లాగితే ఇంకా బిగిస్తాది. మందం టవల్ తలమీద నుంచి ఒక్కసారి కప్పేయండి. కళ్లు మూసుకుంటే సగం నెమ్మదిస్తాది. తర్వాత వెనకనుంచి రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనేట్టు పట్టుకుని, వేళ్లతో రెండు కాళ్లూ పాదాలకు పైన పట్టుకోవాల. రెండు కాళ్ల మధ్య ఒక వేలు ఉంచండి, లేకుంటే ఎముకకు ఎముక ఒరుసుకుంటాది. రొమ్ము మాత్రం నొక్కొద్దు. మనకున్నట్టు ఊపిరి లాగే ఉదరవితానం దానికి లేదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ ఆడితేనే గాలి. రొమ్ము గట్టిగా పట్టుకుంటే చేతిలోనే పోతాది.

ఈసారి దోటితో దించారు, సరే. చెట్టుకు వేలాడే పక్షిని ఎప్పుడైనా సరే, ముందు కింద ఇద్దరు దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని నిలబడాల, ఆనక పైన దారం కోయాల. తలకిందులుగా పడితే కోరకాయిడ్ ఎముక (భుజాన్ని రొమ్ము ఎముకకు కలిపేది) విరిగేది అక్కడే. కరెంటు తీగకు వేలాడితే దోటి పెట్టొద్దు, వెదురు తడిస్తే కరెంటు లాగుతాది. కరెంటు కంపెనీ బెస్కాం 1912కు ఫోన్ కొట్టి లైన్ ఆపించి, లైన్‌మన్ వచ్చినాకనే.

---

మేడమీద_మామిడి | 9:05

పెట్టెలో పెట్టాం, నోరు మూసుకుంది, తోక ఊగడం లేదు. పెట్టె బరువు తీసేస్తే వంటింటి కాటా మీద 585 గ్రాములు. పసుపు ఎందుకు వద్దంటున్నారు? మన ఇళ్లల్లో ప్రతి గాయానికీ అదేగా. నియోస్పోరిన్ ఉంది, అది రాయొచ్చా?

---

సూదిమందు | 9:17

బరువు తూచారు, మెచ్చుకోవాల్సిన పని. ఆ అంకె పెట్టె మీద మార్కర్‌తో రాయండి, రేపు మోతాదులన్నీ దాని మీదే.

పసుపు మీద నాకు పగేమీ లేదు. కానీ ఇది మోకాలి చిప్ప మీద గీత కాదు, సిగరెట్ కాగితమంత పలచని పొర. పొడి చల్లితే రక్తంతో కలిసి పెచ్చు కడుతుంది. పొద్దున ఆ పెచ్చు తీయబోతే బతికున్న చర్మం కూడా దానితోపాటు ఊడొస్తుంది. పైగా అంతా పసుప్పచ్చగా ఉంటే ఏది చచ్చిన కండ, ఏది బతికిన కండ అని రంగు చూసి చెప్పే వీలుండదు.

నియోస్పోరిన్ పౌడర్ వద్దు, ఆయింట్‌మెంట్ అసలే వద్దు. అది వ్యాజిలైన్ లాంటి జిడ్డులో కలిపిన మందు. ఈకలకు జిడ్డంటితే ఒకదానికొకటి అంటుకుపోతాయి, వాన నీళ్లు చర్మం దాకా దిగుతాయి, ఒంటి వేడి నిలవదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, డెటాల్ కూడా వద్దు.

ఈ రాత్రికి చెయ్యగలిగింది ఒక్కటే. కొత్త సెలైన్ సీసా తెరిచి, శుభ్రమైన గాజ్ గుడ్డ (కట్టు కట్టే పలచటి నూలు గుడ్డ) ముక్కను తడిపి, గాయం మీద పరిచి వదిలెయ్యండి. పొర ఎండిపోకుండా ఉంటే చాలు. అది ఎండి అట్టలా బిగిస్తే రేపు కుట్టడానికి ఏమీ మిగలదు. ఆ గుడ్డ పెట్టబోతే పక్షి మరీ కొట్టుకుంటే అదీ మానెయ్యండి.

ఒక్క హెచ్చరిక. మోచేతికి పైన ఎముక బయటికి కనిపిస్తే అక్కడ నీళ్లు పొయ్యొద్దు, సెలైన్ కూడా వద్దు. పక్షికి ఆ ఎముక బోలుగా ఉండి గాలి సంచులతో కలిసి ఉంటుంది. గాయంలో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లో తేలతాయి.

---

ఎముకలగూడు | 9:44

రేపు డాక్టర్ ఏం చూస్తారో ముందే తెలిస్తే మీరు సరైన ప్రశ్నలు అడగ్గలరు.

మీ అరచేయి విప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగే చర్మం చూడండి. గద్దకు అలాంటి పొర భుజం నుంచి మణికట్టు దాకా ఉంటుంది, ప్రోపటేజియం అంటారు. ఆ పొర అంచు వెంట రబ్బరు దారంలా ఒక టెండన్ (కండను ఎముకకు కట్టే తాడు) సాగి ఉంటుంది. రెక్క విప్పినప్పుడు ముందు అంచును బిగించి పట్టేది అదే. చర్మం తెగితే మానుతుంది. ఆ టెండన్ తెగితే రెక్క ముందు అంచు సడలిపోతుంది, గాలిని కోయలేదు. గద్ద ఎగరగలుగుతుంది కానీ ఎత్తుకు పోలేదు. ఎత్తుకు పోలేని గద్ద శివాజీనగర్ మాంసం కొట్ల దగ్గర కాకులకు లోకువ.

కాబట్టి మొదటి ప్రశ్న: టెండన్ ఉందా, తెగిందా? మత్తులో రెక్క మెల్లగా విప్పి ముందు అంచు మీద వేలు పెడితే తీగలా తగులుతుంది. తగలకపోతే రెండు కొసలూ వెతికి, ఒంట్లోనే కరిగే కుట్టు దారం 5-0 పాలీడయాక్సనోన్‌తో కలపాలి.

రెండోది: ఎక్స్‌రే రెండు కోణాల్లో తీయించారా? వెల్లకిలా ఒకటి, పక్కకు ఒకటి. వేలాడిన పక్షికి గాయం రెక్క మీద కనిపిస్తుంది, విరుగు భుజంలో ఉంటుంది. ఒక్క ఫిల్మ్‌తో కోరకాయిడ్ తప్పిపోతుంది.

మూడోది: పొరకు పై చర్మం, కింది చర్మం అని రెండు పొరలు. రెంటినీ విడివిడిగా కుట్టాలి. కలిపి ఒక్క కుట్టుగా లాగేస్తే ముడత పడి, మానేటప్పుడు ఇంకా కుంచించుకుపోతుంది. చుట్టూ ఉన్న సన్నటి ఈకలను నాలుగైదు చొప్పున, చర్మాన్ని వేలితో ఆనించి పట్టుకుని పెరిగిన దిశలోనే పీకాలి. ఎగిరే పెద్ద ఈకల జోలికి పోకూడదు. వాటి మొదళ్లు ఎముక పై పొరకు అంటి ఉంటాయి.

---

కోరమంగళ_కాకి | 10:02

మా వైపు అందరూ కుక్కలు, పిల్లుల డాక్టర్లే. పక్షి అనగానే "కిలో ఎంత, మందు ఎంత" అని మమ్మల్నే అడుగుతున్నారు. ఆ లెక్కలు ఎవరైనా ఇక్కడ పెడితే అలాంటి క్లినిక్‌కు చూపించొచ్చు. ఇంట్లో సూది వెయ్యడానికి కాదు.

---

సూదిమందు | 10:20

సరే, 585 గ్రాముల ఈ గద్దకే లెక్క కడదాం. సూది పట్టడం వచ్చిన వాళ్లకు మాత్రమే.

ద్రవాలు ముందు. వేలాడిన గద్దను 10% ఎండిపోయిందనే అనుకోవాలి. రోజు అవసరం కిలోకు 50 మి.లీ., అంటే 30. లోటు ఒంటి బరువులో 10%, అంటే 58. మొదటి రోజు లోటులో సగం తీరిస్తే చాలు. 30కి 30 కలిపి 60 మి.లీ. నాలుగు విడతలు, విడతకు 15. రింగర్స్ లాక్టేట్ సీసాను వేడి నీళ్ల మగ్గులో ఉంచి 38-39 డిగ్రీలకు తెచ్చాకే ఇవ్వాలి. చల్లటిది ఎక్కిస్తే ఉన్న వేడి కూడా పోతుంది. తొడకూ పొట్టకూ మధ్య వదులు చర్మం కింద రెండు చోట్ల ఏడున్నరేసి మి.లీ. మెడ మొదట్లో వెయ్యకూడదు, అక్కడ చర్మం కింద గాలి సంచులుంటాయి.

నొప్పికి మెలాక్సికామ్, కిలోకు 0.5 మి.గ్రా. అంటే ఈ పక్షికి 0.3 మి.గ్రా. 5 మి.గ్రా./మి.లీ. ఇంజెక్షన్ అయితే 0.06 మి.లీ. మొదటి రెండు విడతల ద్రవాలు ఎక్కాకే ఇవ్వాలి, ఎండిన కిడ్నీ మీద పడకూడదు. షాపులో మెలాక్సికామ్‌తో పారాసెటమాల్ కలిపిన సీసా కూడా దొరుకుతుంది. లేబుల్ చదవకుండా తీయొద్దు. డైక్లోఫెనాక్ సంగతి అందరికీ తెలిసిందే, రాబందుల్ని తుడిచిపెట్టింది. పశువులకు 2006లోనే ఆపేశారు. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో నిషేధించారు. పాత స్టాకు ఫ్రిజ్‌లో ఉంటే పారెయ్యండి.

యాంటీబయాటిక్‌గా అమాక్సిక్లావ్, కిలోకు 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. కుక్కల మోతాదు చూసి ఇది తప్పేమో అనుకోకండి, పక్షి ఒంట్లోంచి మందు త్వరగా పోతుంది. ఎన్‌రోఫ్లాక్సాసిన్ సూది రోజూ రొమ్ము కండలో పొడిస్తే కండ చచ్చుతుంది. ఎగరడానికి ఉన్నది ఆ కండే.

---

గూటిదాక | 10:34

0.06 మి.లీ. దగ్గరే ప్రమాదాలు జరిగేది. ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూతది యూ-40 (మి.లీ.కు 40 యూనిట్లు), నారింజ మూతది యూ-100 (మి.లీ.కు 100). నారింజ దాంట్లో 0.06 అంటే 6 యూనిట్ల గీత. అదే "6 యూనిట్ల గీత" దాకా ఎర్ర మూత దాంట్లో లాగితే 0.15 మి.లీ., రెండున్నర రెట్ల మందు. కాగితం మీద ఎప్పుడూ మి.లీ. రాయండి, గీతలు రాయొద్దు. దాని పక్కన మూత రంగు కూడా రాయండి.

---

ఎముకలగూడు | 10:51

కుట్లు ఎప్పుడు వెయ్యాలనే దాని మీద ఇక్కడ అందరిదీ ఒకే మాట కాదు. నా లెక్కలో 12 గంటలు దాటని శుభ్రమైన కోత అయితే, పక్షికి ద్రవాలు ఎక్కించి వేడి నిలిచాక, అదే రోజు కుట్టేయాలి. ఆలస్యమైతే అంచులు ఎండి వెనక్కి పోతాయి.

---

సూదిమందు | 11:03

నేను ఒప్పుకోను. మాంజా కోత కత్తి కోత కాదు. వేలాడిన గంటలన్నీ దారం రక్తనాళాలను నొక్కి ఉంచుతుంది. మొదటి రోజు గులాబీ రంగులో కనిపించిన అంచు రెండో రోజుకు నల్లబడుతుంది. అప్పుడు కుట్టు చచ్చిన చర్మంలో ఉంటుంది, మూడో రోజు విడిపోతుంది. మొదటి రోజు హైడ్రోజెల్ పూసి తడిగా ఉంచి, 24-48 గంటల్లో ఏది బతికిందో తేలాక కుట్టాలి. అంచులు దగ్గరకు రాకపోతే బలవంతంగా లాగొద్దు, తెరిచే మాననివ్వండి. పొర కురచైతే రెక్క విప్పుకోదు.

---

ఎముకలగూడు | 11:10

ఎన్ని గంటలు వేలాడిందో తెలియనప్పుడు మీ మాటే క్షేమం, ఒప్పుకుంటున్నాను. టెండన్ తెగి ఉంటే మాత్రం ఆగను. కొసలు రెండు రోజుల్లో కుంచించుకుపోతాయి, మళ్లీ దొరకవు.

కట్టు గురించి కూడా. ఎనిమిది అంకె ఆకారంలో రెక్క వరకే కట్టు, ఎముక విరగకపోతే ఒంటి చుట్టూ వద్దు. అంటుకునే ప్లాస్టర్ కాదు, తనకు తానే అతుక్కునే వెట్‌రాప్. రోల్ నుంచి ముందే విప్పి, సాగదీయకుండా వదులుగా చుట్టాలి. మూడు నాలుగు రోజులకు మించి విప్పకుండా ఉంచితే మోచేయి అలాగే బిగుసుకుంటుంది. కుట్లు చక్కగా మానాయి, రెక్క తెరుచుకోవడం లేదు అని తెచ్చే పక్షులన్నీ ఈ కోవవే.

---

కరీంనగర్_కోడిపుంజు | ఉదయం 6:50

తిండి సంగతి ఎవరూ చెప్తలేరు. రాత్రంతా ఆకలితో ఉంటది కదా, ఇంత చికెన్ ఖీమా పెడితే ఏమైతది?

---

గూటిదాక | 7:12

రెట్ట చూడకుండా మాంసం పెట్టకూడదన్నా. ఒళ్లు ఎండిన పక్షి మాంసం అరిగించుకోలేదు. మెడ కింద ఉండే తిండి సంచి (క్రాప్) లోనే నిలవై కుళ్లుతుంది.

రొమ్ము ఎముక తడిమి చూడండి. రెండు వైపులా కండ గుండ్రంగా ఉంటే పక్షి బాగానే తిన్నది, ఒక రోజు పస్తు దానికి లెక్క కాదు. ద్రవాలు ఎక్కి, రెట్టలో తెల్ల భాగం నీళ్లగా కనిపించాక 20-25 గ్రాముల ఎముకలేని ముక్కలు, చిటికెన వేలి గోరంత, ఓఆర్‌ఎస్‌లో ముంచి పెట్టాలి. పటకారుతో ముక్కు పక్కన తాకిస్తే చాలావరకు తీసుకుంటుంది. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలితే మాత్రం మాంసమే వద్దు. అది ట్యూబుతో పలచని ఆహారం ఇచ్చే కేసు, తెలిసినవాళ్ల పని.

మూడో రోజు నుంచి ఎముకతో సహా. ఒక రోజు కోడిపిల్లలు హేచరీల్లో దొరుకుతాయి, రోజుకు 60-80 గ్రాములు. రెండు వారాలు బోన్‌లెస్ మాత్రమే పెడితే ఏమవుతుందంటే, మాంసంలో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పదిరెట్లకు పైగా ఉంటుంది. ఎముకలోంచి కాల్షియం లాగేసుకుంటుంది. పిల్ల గద్దకైతే కాళ్లు వంకరపోతాయి. ఎముకలూ ఈకలూ తిన్న గద్ద మర్నాడు వేలెడంత ఉండ కక్కుతుంది, కంగారు పడకండి.

ఇంకొకటి, తినిపించేటప్పుడు నోరు లోపల చూడండి. పసుప్పచ్చ జున్నులాంటి గడ్డలు నాలుక పక్కన ఉంటే అది పావురాల నుంచి వచ్చిన ట్రైకోమోనాస్. ఈ ఊళ్లో పావురాలకు కొదవా? మెట్రోనిడజోల్ కిలోకు 50 మి.గ్రా., రోజుకొకసారి, 5 రోజులు. ఆ గడ్డల్ని గీకి తీయబోతే రక్తం ఆగదు.

---

నీటితాబేలు | 9:30

మధ్యలో వచ్చినందుకు మన్నించండి, అర్జెంటు. బాల్కనీ టబ్‌లోని రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలును వీధికుక్క కరిచింది. వెనక చిప్ప పగిలి పురుగులు పడ్డాయి. షాపువాళ్లు ఐవర్‌మెక్టిన్ వెయ్యమన్నారు, పగులును ఎమ్-సీల్‌తో మూసెయ్యమన్నారు.

---

సూదిమందు | 9:34

ఐవర్‌మెక్టిన్ వద్దు. వద్దంటే వద్దు. కుక్కకూ పక్షికీ పనిచేసే మందు తాబేలుకు విషం. మెదడులోకి దిగి కాళ్లు చచ్చుబడి ఊపిరి ఆగిపోతుంది. పురుగుల్ని పటకారుతో ఒక్కొక్కటే ఏరాలి. ఈగ గుడ్లు బియ్యపు నూకలా తెల్లగా పగుళ్లలో ఉంటాయి, వాటిని కూడా. సాయంత్రం మళ్లీ ఏరాలి.

తాబేలును నీళ్లలోంచి తీసెయ్యండి. తడి టవల్ మీద కాదు, పొడి టవల్ మీద. రోజుకు అరగంట, గాయం మునగకుండా పొట్ట వరకు గోరువెచ్చటి నీళ్లు. ఈగలు రాకుండా దోమతెర కప్పండి. చిప్ప పైభాగం కిందనే ఊపిరితిత్తులుంటాయి. పగులు లోతుగా ఉండి గాలి బుడగలు కనిపిస్తే సెలైన్‌తో కడగొద్దు, గద్ద ఎముక దగ్గర చెప్పిన కారణమే.

ఎమ్-సీల్‌తో మూస్తే మురికిని లోపల పెట్టి తాళం వేసినట్టు. చీము బయటికి పోయే దారి లేక లోపలికి పోతుంది. ముందు శుభ్రం కావాలి, తర్వాత చిన్న స్క్రూలు, తీగతో ముక్కల్ని దగ్గరకు లాగి నిలబెడతారు, మధ్యలో గాయం తెరిచే ఉంటుంది. అతకడానికి నెలలు పడుతుంది. సెఫ్టాజిడిమ్ కిలోకు 20 మి.గ్రా., 72 గంటలకోసారి, ముందు కాలిలో. ఒంటికి 28-30 డిగ్రీల వేడి లేకపోతే ఏ మందూ పనిచెయ్యదు. బెంగళూరు డిసెంబరు రాత్రి 15కు పడిపోతుంది, చెన్నైలో లెక్క వేరు.

కళ్లు వాచి మూసుకుని ఉన్నాయా కూడా చూడండి. ఎండు రొయ్యలు మాత్రమే తినే స్లైడర్లకు విటమిన్ ఎ లోటుతో అలా అవుతుంది. దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని కంటి చుక్కలు వేస్తూ కూర్చుంటారు.

---

కాపలా (మోడరేటర్) | 9:50

తాబేలు ప్రశ్నను వేరే చర్చగా మార్చాను, మిగతా జవాబులు అక్కడ. ఇక్కడ గద్ద మాత్రమే.

ఒక్క చట్టం మాట. వన్యప్రాణిని తాత్కాలికంగా ఇంట్లో ఉంచినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ అటవీ అధికారికి గానీ తెలపాలి. కెంగేరిలోని పీపుల్ ఫర్ యానిమల్స్ వన్యప్రాణి ఆసుపత్రి లాంటి చోట అప్పగించేటప్పుడు దొరికిన స్థలం, సమయం, బరువు, మీరు చేసిన చికిత్స ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దొరికిన స్థలం రాయకపోతే వదిలేటప్పుడు ఎక్కడ వదలాలో తెలియదు.

---

ఉడుతాభక్తి | 11:15

గద్ద మాత్రమే అన్నారు, అయినా ఒక్క ముక్క చెప్పి పోతాను. గద్దను దించబోయి కొమ్మ విరగ్గొడితే ఉడుత గూళ్లు పడతాయి, ఆ ఫోన్లే ఎక్కువ వస్తాయి. కళ్లు తెరవని పిల్లకు ఆవుపాలు వద్దు, విరేచనాలు పడతాయి. ముందు ఒళ్లు వెచ్చబడాలి, తర్వాత రెండు విడతలు ఓఆర్‌ఎస్, ఆ తర్వాతే పిల్లి పిల్లల పాలపొడి. 20 గ్రాముల పిల్లకు విడతకు 1 మి.లీ., సూది తీసేసిన సిరంజితో, బోర్లా పట్టుకుని చుక్కచుక్కగా. వెల్లకిలా పట్టుకుంటే ముక్కులోంచి పాలు వస్తాయి. తాగాక తడి దూదితో కింద మెల్లగా రుద్దకపోతే మూత్రం పొయ్యదు. గూడు బాగుంటే అసలు ఇవేవీ వద్దు, బుట్టలో పెట్టి అదే చెట్టుకు కట్టండి, తల్లి వచ్చి ఒక్కొక్కటే నోట కరుచుకుపోతుంది.

---

మేడమీద_మామిడి | సాయంత్రం 6:05

ఎక్స్‌రేలో ఎముకలు బాగున్నాయి. టెండన్ ఉంది. దారం మత్తులో తీశారు. చర్మం అంచు ఒకచోట నల్లబడింది కాబట్టి ఎల్లుండి కుడతామన్నారు, అప్పటిదాకా హైడ్రోజెల్. పక్షిని కేంద్రానికి అప్పగించాం, కాగితం రాసిచ్చాం. ఇప్పటికి తోక ఈకలు అన్నీ ఉన్నాయి. వాళ్ల దగ్గర చోటు తక్కువ, వాలంటీర్లు సాయం చెయ్యొచ్చన్నారు. మేం ఏం చేసివ్వగలం?

---

గూటిదాక | 6:30

తోక తొడుగు చేసివ్వండి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పూత కడిగి, తోక పొడవుకు 2 సెం.మీ. ఎక్కువగా, కవరులా మడిచి మూడు వైపులా టేపు వెయ్యండి. తెరిచిన వైపు నుంచి తోక ఈకలను లోపలికి దోపి, తోక పైన ఉండే చిన్న ఈకలకు కాగితపు టేపుతో అంటించాలి. ఒంటి చర్మానికి టేపు తగలకూడదు. చిన్న బొక్కలు నాలుగైదు చెయ్యకపోతే లోపల చెమ్మకు రెట్ట అంటుకుంటుంది. తోక ఈక ఒక్కటి విరిగినా తర్వాత ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా ఆగాలి, నెలల మాట.

వాలడానికి కర్రలు కూడా. నున్నటి పీవీసీ గొట్టం వద్దు. కొబ్బరి పీచు తాడు దగ్గరగా చుట్టిన కర్రలు, ఒకటి బొటనవేలంత, ఒకటి మణికట్టంత లావు. ఒకే లావు కర్ర మీద వారాల తరబడి నిలబడితే అరికాలు ఎర్రబడి, నున్నబడి, పుండై, ఎముక దాకా పోతుంది. రెక్క బాగుచేసి కాలు పోగొట్టడం అంటే ఇదే.

---

ఎముకలగూడు | 7:05

కుట్టాక 5వ రోజు నుంచి ఫిజియోథెరపీ అడగండి. వారానికి రెండుసార్లు, ఐసోఫ్లోరేన్ మత్తులో, రెక్కను మెల్లగా పూర్తిగా విప్పి అర నిమిషం పట్టి వదలడం, ఐదారు నిమిషాల పాటు. మెలకువలో చేస్తే పక్షి ఎదురు లాగుతుంది, కుట్లు తెగుతాయి. ప్రతిసారీ రెండు రెక్కలనూ విప్పి పక్కపక్కన ఫోటో తీసుకుంటే ఎన్ని డిగ్రీలు వెనకబడిందో తెలిసిపోతుంది. రెండు వారాలకీ తేడా తగ్గకపోతే మచ్చ బిగుస్తోందని అర్థం.

వదిలే ముందు పొడవాటి పంజరంలో చూడాల్సింది ఎగిరిందా లేదా అని కాదు. నేల మీద నుంచి ఎత్తు కర్రకు నేరుగా ఎక్కగలుగుతోందా, రెండు వైపులకూ సమానంగా తిరుగుతోందా, నాలుగు సార్లు అటూ ఇటూ ఎగిరాక నోరు తెరుచుకుంటోందా. ఎడమకే తిరిగే గద్దను వదలకూడదు. పొద్దున 9 తర్వాత, నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళకు, దొరికిన చోటికి దగ్గర్లోనే.

---

అనంతపురం_బస్సు | 7:40

వదిలేది యలహంకలోనే అయితే ముందు ఆ సిల్వర్ ఓక్ చూసుకోండి. దోటితో లాగినప్పుడు సగం దారం పైనే ఉండిపోతాది. మన ఊళ్లల్లో గాలిపటాలు సంక్రాంతికి, ఈడ ఆషాఢం గాలికి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎన్‌జీటీ 2017లోనే నిషేధించినా షాపులో అడిగితే ఇస్తాండారు. ఆ నైలాన్ ఎండకీ వానకీ ఏండ్లు పడుంటాది, కుళ్లదు.

పొద్దున 7-8 మధ్య ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చెట్టుకింద నిలబడి పైకి చూస్తే దారం మెరుస్తాది, మధ్యాహ్నం కనపడదు. దోటి కొసకు కొడవలి కాదు, చీల్చిన వెదురు బద్ద కట్టి నూడుల్స్ చుట్టినట్టు తిప్పండి, దారం దానికే చుట్టుకుంటాది. తోలు గ్లౌజు లేకుండా ముట్టుకోవద్దు. చుట్టిందాన్ని అట్లనే చెత్తలో పారేస్తే కాకి లాక్కుని గూటికి మోసుకుపోతాది. కత్తెరతో జానెడు ముక్కలు చేసి, కాగితంలో చుట్టి, టేపేసి పారేయండి.

---

మేడమీద_మామిడి | మర్నాడు ఉదయం 7:55

చూశాం. రెండు కొమ్మల మధ్య ఇంకా దాదాపు ఎనిమిది అడుగులుంది, పక్క వేపచెట్టులో ఇంకో చుట్ట. వెదురు బద్ద కట్టాం, వాచ్‌మన్ తిప్పుతున్నాడు.